ఫోసా కోసమా, రాత్రి అడవి కోసమా? మడగాస్కర్ పొడి అడవుల్లో ఏది ఎంచుకోవాలి

మడగాస్కర్‌కు వెళ్ళేవాళ్ళలో చాలామంది తూర్పు వైపు వానల అడవుల గురించే ముందు వింటారు. పడమర, దక్షిణాల్లో ఉన్న పొడి అడవుల సంగతి వేరు. అక్కడ ఏడాదిలో ఆరేడు నెలలు చుక్క వాన పడదు, చెట్లు ఆకు రాల్చేస్తాయి, పగలు అడవంతా ఎండిపోయినట్టు కనిపిస్తుంది. చీకటి పడగానే ఆ మోడు కొమ్మల మీదే ప్రాణం కదులుతుంది. ఆ ద్వీపంలోని అతి పెద్ద మాంసాహార క్షీరదం ఫోసాను కళ్ళారా చూడటానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

చిక్కల్లా ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకోవడంలోనే. కిరిండి, అంకారాఫాంట్సికా, అంకారానా, జొంబిట్సే, రెనియాలా, బెరెంటి అని అరడజను పేర్లు ఎదురవుతాయి. ప్రతి అడవికీ జంతువుల జాబితా ఒకటి ఉంటుంది. ఆ జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే అన్ని చోట్లా అన్నీ ఉన్నట్టే అనిపిస్తుంది. జాబితా చూసి ఎంచుకుంటే మోసపోతారు. అడవిలో ఫలానా జంతువు ఉండటం వేరు, అది తిరిగే వేళకు మిమ్మల్ని అడవిలోకి రానివ్వడం వేరు.

## ముందు తేల్చుకోవలసినవి

చీకటి పడ్డాక లోపలికి వెళ్ళనిస్తారా? అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. మడగాస్కర్ జాతీయ ఉద్యానాల్లో రాత్రి నడకకు అనుమతి లేదు. పొద్దుగూకేసరికి బయటికి వచ్చేయాలి. అక్కడ ‘రాత్రి నడక’ పేరుతో తీసుకెళ్ళేది ఉద్యానం సరిహద్దు వెంటా, రోడ్డు పక్కనా మాత్రమే. అలాగని అది దండగ కాదు. రోడ్డు పక్క చెట్ల మీద కూడా లెమర్లు (కోతులకు దూరపు చుట్టాలైన, మడగాస్కర్‌కే చెందిన జీవులు) ఉంటాయి. కానీ అడవి నడిబొడ్డున, టార్చి ఆర్పేసి, చుట్టూ చప్పుళ్ళు వింటూ నిలబడటం మాత్రం అక్కడ కుదరదు. ప్రైవేటు రిజర్వుల్లోనూ, జాతీయ ఉద్యానాల సంస్థ కింద లేని అడవుల్లోనూ ఈ అడ్డు లేదు.

వేటజంతువు అంటే మీ మనసులో ఉన్నదేమిటి? మడగాస్కర్‌లో పుట్టిన పిల్లి జాతులు లేవు, కుక్క జాతులు లేవు. సుమారు 2 కోట్ల ఏళ్ళ కిందట ఆఫ్రికా నుంచి ఎలాగో సముద్రం దాటి వచ్చిన ముంగిస లాంటి ఒక పూర్వజీవి సంతతే ఇక్కడి మాంసాహార క్షీరదాలన్నీ. వాటిలో పెద్దది ఫోసా. బరువు సుమారు 6 నుంచి 8 కిలోలు, తోక దాదాపు ఒంటి పొడవంత. మడమ కీలు వెనక్కి తిరగడం వల్ల చెట్టు మీంచి తలకిందులుగా దిగగలదు. లెమర్లను కొమ్మల మీదే వేటాడుతుంది. ఇవి ఒంటరి జీవులే అయినా, కిరిండిలో మగ ఫోసాలు కలిసికట్టుగా సిఫాకా అనే పెద్ద లెమర్‌ను తరిమి పట్టడం పరిశోధకులు చూసి నమోదు చేశారు. ఫోసా తప్ప మరేదీ వద్దనుకుంటే మీ ఎంపిక తేలిక. మొసలి, డేగ, కొండచిలువ లాంటి బోవా పాములు కూడా వేటజంతువులే కదా అనుకునేవాళ్ళకు మరిన్ని దారులున్నాయి.

ఏ నెల? ఏప్రిల్ చివరి నుంచి అక్టోబరు వరకు పొడి కాలం, డిసెంబరు నుంచి మార్చి వరకు వానలు. పొడి కాలం ముదిరేకొద్దీ ఆకు తగ్గుతుంది, చూపు దూరం పారుతుంది. కానీ రాత్రి జీవుల్లో కొన్ని ఆ నెలల్లో అసలు బయటికే రావు. ఈ పేచీ గురించి కింద వివరంగా చెబుతాను.

చేరుకోవడానికి ఎంత శ్రమ? ఇక్కడ దూరాలు కిలోమీటర్లలో లెక్కపెట్టకూడదు, గంటల్లో లెక్కపెట్టాలి.

వసతి గురించి పెద్దగా బెంగ పడనక్కర్లేదు. అన్ని చోట్లా పడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. బెరెంటిలో తప్ప ఎక్కడా దర్జా ఆశించకండి.

## ఒక్క చూపులో

| అడవి | రాత్రి లోపలికి | ఫోసా కనిపించే అవకాశం | రాత్రి కనిపించేవి | చేరే దారి |
|---|---|---|---|---|
| కిరిండి | వెళ్ళవచ్చు | అన్నిటికంటే ఎక్కువ | చాలా రకాలు | మొరొండావా నుంచి సుమారు 60 కి.మీ., మట్టి రోడ్డు |
| అంకారాఫాంట్సికా | అంచున మాత్రమే | తక్కువ | మంచి వైవిధ్యం | మహాజంగా నుంచి సుమారు 110 కి.మీ., జాతీయ రహదారి |
| అంకారానా | అంచున మాత్రమే | తక్కువ | లెమర్లు, గబ్బిలాలు | అంట్సిరానానా నుంచి సుమారు 110 కి.మీ. |
| జొంబిట్సే | లేదు | ఆశ పెట్టుకోవద్దు | పగలే తొర్రలో కనిపించే లెమర్ | 7వ నంబరు జాతీయ రహదారి పక్కనే |
| రెనియాలా | వెళ్ళవచ్చు | లేనట్టే | ముళ్ళ అడవి జీవులు | తులియారాకు ఉత్తరాన, సముద్రతీరం దగ్గర |
| బెరెంటి | వెళ్ళవచ్చు | లేనట్టే | స్పోర్టివ్ లెమర్, మౌస్ లెమర్ | ఫోర్ట్ దోఫిన్‌కు పడమర సుమారు 80 కి.మీ. |

## కిరిండి: ఒక్కటే చూడగలిగితే ఇదే

ముందుగా ఒక జాగ్రత్త. కిరిండి మితేయా అనే జాతీయ ఉద్యానం మరొకటి ఉంది. అది పడమటి తీర పట్టణం మొరొండావాకు దక్షిణాన ఉంటుంది, చేరడం కష్టం. మనం మాట్లాడుకుంటున్న కిరిండి అడవి మొరొండావాకు ఈశాన్యంగా, బెలో-సుర్-సిరిబిహినా వెళ్ళే దారిలో వస్తుంది. బండి మాట్లాడుకునేటప్పుడు ఏ కిరిండియో స్పష్టంగా చెప్పండి.

ఇది జాతీయ ఉద్యానం కాదు. అటవీ శిక్షణ, పరిశోధనల జాతీయ కేంద్రం చేతిలో ఉంది. 1993 నుంచి జర్మన్ ప్రైమేట్ సెంటర్ పరిశోధకులు ఇక్కడ పనిచేస్తున్నారు. అందువల్ల మనకు రెండు మేళ్ళు. రాత్రి గైడుతో అడవి లోపల నడవవచ్చు. పరిశోధన కోసం గళ్ళు గళ్ళుగా వేసిన కాలిబాటలు చదునుగా ఉంటాయి కాబట్టి చీకట్లో కూడా తడబడకుండా నడవవచ్చు. గైడుల్లో చాలామందికి ఏ తొర్రలో ఏ లెమర్ పడుకుంటుందో తెలుసు.

ఫోసా విషయానికి వస్తే, అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల వరకు వాటి జతకట్టే కాలం. నవంబరు ముమ్మరం. ఆడ ఫోసా ఒక పెద్ద చెట్టు ఎక్కి కూర్చుంటుంది. కింద మగవి గుమిగూడి ఒకదానితో ఒకటి కలబడతాయి. ఏటా అదే చెట్టును వాడటం వీటి అలవాటు. జత కట్టడం గంటల తరబడి సాగుతుంది. ఆ రోజుల్లో అలాంటి చెట్టు ఏదైనా వాడుకలో ఉందని గైడుకు తెలిస్తే, అడవి జంతువు బతుకును ఇంత తీరిగ్గా, ఇంత దగ్గరగా చూసే అవకాశం మరోచోట దొరకదు. మిగతా నెలల్లో కూడా శిబిరం వంటగది వాసనకు ఫోసాలు గుడిసెల మధ్యకు వస్తుంటాయి. ఫొటో బాగానే పడుతుంది. కానీ నా మటుకు అది సగం చూడటమే. చెత్తకుండీకి అలవాటు పడ్డ జంతువుకూ, చెట్టు మీంచి తలకిందులుగా దిగివచ్చే వేటగత్తెకూ చాలా తేడా ఉంది. వీలుంటే రెండో దాని కోసం వెళ్ళండి. గదిలో తిండి పెట్టుకోకండి, ఫోసాకు ఏదీ విసరకండి. అలవాటు చేసిన ప్రతి ముద్దా తర్వాత ఆ జంతువు ప్రాణం మీదికే వస్తుంది.

రాత్రి జాబితా ఇంకా గొప్పది. బూడిద రంగు మౌస్ లెమర్, కోకెరెల్ జెయింట్ మౌస్ లెమర్, ముఖం మీద వై ఆకారంలో చార ఉన్న ఫోర్క్-మార్క్‌డ్ లెమర్, ఎర్రతోక స్పోర్టివ్ లెమర్ ఒకే నడకలో తగలవచ్చు. ప్రైమేట్లలో (కోతులు, లెమర్ల వర్గం) ప్రపంచంలోకెల్లా చిన్నదైన మేడమ్ బెర్త్ మౌస్ లెమర్ స్వస్థలం కూడా ఇదే. బరువు 30 గ్రాములు. 2000లో కొత్త జాతిగా వర్ణించి, మడగాస్కర్ శాస్త్రవేత్త బెర్త్ రకోటోసమిమననా పేరు పెట్టారు. మొక్కజొన్న, వేరుశెనగ సాగు కోసం కిరిండి ఉన్న మెనాబే ప్రాంతపు అడవిని నరికి కాల్చడం వల్ల ఇది అంతరించిపోయే అంచుకు చేరింది. దీన్ని చూపిస్తామని ఎవరైనా ముందే హామీ ఇస్తే నమ్మకండి. 

జెయింట్ జంపింగ్ ర్యాట్ కోసం మాత్రం గైడును పట్టుబట్టి అడగండి. కుందేలు చెవులతో, కిలోకు పైగా బరువు ఉండే ఈ ఎలుక మెనాబేలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఒక్క జతే కలిసి బొరియలో కాపురం ఉంటుంది. ఫోసాకూ, బోవా పాముకూ ఇది ఇష్టమైన ఆహారం. మసక చీకట్లో బొరియ దగ్గర ఓపికగా నిలబడితే బయటికి వస్తుంది. అటూ ఇటూ తిరిగేవాళ్ళకు దొరకదు.

కిరిండిలో కష్టం లేకపోలేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఎండ మాడ్చేస్తుంది. గదులు సాదాసీదావి. రాజధాని అంటనానరివో నుంచి రోడ్డు మీద మొరొండావాకు సుమారు 700 కిలోమీటర్లు, రెండు రోజులు పెట్టుకోవాలి. దేశీయ విమానం ఉంది గానీ దాని వేళలు మారుతుంటాయి. మొరొండావా నుంచి పొద్దున్నే వచ్చి రాత్రికి తిరిగి వెళ్ళిపోయే ఏర్పాటు కొందరు అమ్ముతారు. దాన్ని తీసుకోవద్దు. లావాటి మానుల బావోబాబ్ చెట్ల బాట ఎలాగూ దారిలోనే ఉంది, పోతూనో వస్తూనో చూడవచ్చు. కిరిండిలో కనీసం రెండు రాత్రులు పడుకోండి.

## అంకారాఫాంట్సికా: పగలు గొప్ప, రాత్రి ఫర్వాలేదు

వాయవ్యాన సుమారు 1,350 చదరపు కిలోమీటర్ల జాతీయ ఉద్యానం ఇది. 4వ నంబరు జాతీయ రహదారి దీని మధ్యనుంచే పోతుంది. రహదారి పక్కనున్న అంపిజోరోవా శిబిరమే బస. రోడ్డు సౌకర్యం చూసుకుంటే కుటుంబంతో వెళ్ళేవాళ్ళకు ఇదే హాయి.

ఫోసా ఈ అడవిలో ఉంది. దాని మీద పరిశోధనలూ జరిగాయి. కానీ కిరిండిలోలా కంటబడదు. దాని బదులు రావెలోబే సరస్సులో నైలు మొసళ్ళు ఉన్నాయి, ప్రపంచంలోని అత్యంత అరుదైన వేటపక్షుల్లో ఒకటైన మడగాస్కర్ ఫిష్ ఈగిల్ ఉంది. పొద్దున పడవ మీద వెళ్ళి ఆ రెండింటినీ ఒకే సరస్సులో చూడవచ్చు. వేటజంతువు అంటే ఫోసాయే అని పంతం లేనివాళ్ళకు ఇది తక్కువ ఎంపికేమీ కాదు. శిబిరం చుట్టుపక్కలే కోకెరెల్ సిఫాకాలు గెంతుతుంటాయి.

రాత్రి నడక రోడ్డు అంచున. బంగారు గోధుమ రంగు మౌస్ లెమర్ ఇక్కడి ప్రత్యేకం, 1998లో కొత్త జాతిగా వర్ణించారు. పశ్చిమ ఉన్ని లెమర్, మిల్న్-ఎడ్వర్డ్స్ స్పోర్టివ్ లెమర్, నిద్రపోతున్న ఊసరవెల్లులు కనిపిస్తాయి. అప్పుడప్పుడూ లారీ వెలుతురు మీద పడి ఏకాగ్రత చెడుతుంది. పక్షుల మీద మక్కువ ఉన్నవాళ్ళకు మాత్రం కిరిండి కంటే ఇదే మేలని చెబుతాను. వాన్ డామ్ వాంగా, తెల్లరొమ్ము మెసైట్ లాంటి పేర్ల కోసం దూరదేశాల నుంచి జనం ఇక్కడికే వస్తారు.

## అంకారానా: గుహలు ఇష్టమైనవాళ్ళకు

ఉత్తరాన సూదుల్లాంటి సున్నపురాయి శిలలు, వాటి మధ్య లోయల్లో పొడి అడవి, కింద మైళ్ళ కొద్దీ గుహలు. గబ్బిలాలను చూడటానికి రాత్రి దాకా ఆగనవసరం లేదు, పగలే గుహలోకి వెళితే చాలు. గుహల్లోని నీళ్ళలో నైలు మొసళ్ళు బతుకుతున్నాయన్నది ఈ చోటుకున్న పేరు. కానీ సందర్శకుల మామూలు దారుల్లో అవి తగులుతాయని వెళ్ళకండి. కిరీటపు లెమర్లు, వాటిని వెతికే ఫోసాలు లోయల్లో ఉన్నాయి. రాళ్ళ మీద ఎక్కిదిగాలి కాబట్టి మోకాళ్ళు నొప్పి ఉన్నవాళ్ళకు వద్దు. కేవలం నిశాచర జీవుల కోసమే అయితే ఇంత దూరం రావడం నాకు సమంజసంగా అనిపించదు. ఉత్తరాది యాత్రలో భాగంగా అయితే తప్పక ఆగండి.

## దక్షిణాది మూడు

జొంబిట్సే 7వ నంబరు రహదారిని ఆనుకుని ఉంటుంది. పొద్దున రెండు మూడు గంటలు ఆగితే సరిపోతుంది. రాత్రి లోపల ఉండలేరు. అయినా దీన్ని ఈ వరుసలో చేర్చడానికి ఒక కారణం ఉంది. హబ్బర్డ్ స్పోర్టివ్ లెమర్ పగటిపూట తొర్రలోంచి తల బయటపెట్టి కునుకు తీస్తుంటుంది. నిశాచర లెమర్‌ను పగటి వెలుతురులో ఫొటో తీయాలనుకునేవాళ్ళకు ఇది మంచి చోటు.

రెనియాలా చిన్న ప్రైవేటు రిజర్వు. బావోబాబ్‌లు, ఆక్టోపస్ చెట్లు ఉండే ముళ్ళ అడవి. రాత్రి నడకలో బూడిద-గోధుమ మౌస్ లెమర్ దొరకవచ్చు. పెద్ద వేటజంతువుల ఊసే ఉండదు. సముద్రతీరంలో నాలుగు రోజులు గడిపేవాళ్ళు ఒక సాయంత్రం ఇక్కడ పెట్టుకోవచ్చు.

బెరెంటి 1936లో ఏర్పడ్డ ప్రైవేటు రిజర్వు. మండ్రారే నది ఒడ్డున నీడగల అడవి, పక్కనే ముళ్ళ అడవి. రింగ్‌టెయిల్డ్ లెమర్ల మీద అలిసన్ జాలీ 1963లో పరిశోధన మొదలుపెట్టింది ఇక్కడే. ఫోసా భయం లేకపోవడం వల్ల లెమర్లు నేల మీద నిర్భయంగా తిరుగుతాయి. వాటికి ఆకాశం నుంచే ముప్పు. మడగాస్కర్ హ్యారియర్-హాక్ అనే డేగ తొర్రల్లోకి కాళ్ళు పెట్టి వెతుకుతుంది. వయసు పైబడ్డవాళ్ళకు, చిన్నపిల్లలున్నవాళ్ళకు చదునైన బాటలు, వసతి గల బెరెంటి సుఖం. ఫోర్ట్ దోఫిన్ నుంచి వచ్చే రోడ్డు మాత్రం సుఖం కాదు.

## నెలల పేచీ

జూన్ నుంచి ఆగస్టు వరకు వాతావరణం హాయిగా ఉంటుంది, దారులు బాగుంటాయి, అందుకే ఎక్కువమంది అప్పుడే వెళ్తారు. రాత్రి జీవుల కోసం వెళ్ళేవాళ్ళకు అది అరకొర కాలం. ఫ్యాట్-టెయిల్డ్ డ్వార్ఫ్ లెమర్ తోకలో కొవ్వు దాచుకుని చెట్టు తొర్రలో దాదాపు ఏడు నెలలు దీర్ఘనిద్రలో ఉంటుంది. ఉష్ణమండలంలో ఒక ప్రైమేట్ ఇలా నిద్రపోతుందని శాస్త్రవేత్తలు కిరిండిలోనే నిరూపించారు. ముళ్ళపందిని పోలిన చిన్న జీవులు టెన్రెక్‌లు కూడా వానలతోనే లేస్తాయి. లాబోర్డ్ ఊసరవెల్లి కథ ఇంకా వింత. ఏడాదిలో ఎక్కువ భాగం గుడ్డులోనే గడుపుతుంది. నవంబరు వానలతో పొదిగి బయటపడి, పెరిగి, గుడ్లు పెట్టి, నాలుగైదు నెలల్లో చనిపోతుంది. జూలైలో వెళ్ళినవాళ్ళకు బతికున్న లాబోర్డ్ ఊసరవెల్లి కనిపించదు.

సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆకు పూర్తిగా రాలి చూపు చక్కగా పారుతుంది. కొత్తగా వెళ్ళేవాళ్ళకు అక్టోబరు రెండో సగం భద్రమైన మధ్యేమార్గం. కాస్త కష్టానికి సిద్ధమైతే నవంబరు మొదటి సగం అని గట్టిగా చెబుతాను. ఫోసాల సందడి ముమ్మరంగా ఉంటుంది, నిద్రపోయినవి లేవడం మొదలవుతుంది. ఎండ, ముందొచ్చే వానల వల్ల బురదయ్యే రోడ్డు, ఈ రెండూ దానికి చెల్లించే మూల్యం. జనవరి, ఫిబ్రవరిల్లో పాములు, బల్లులు, ఊసరవెల్లులే లోకమైనవాళ్ళు మాత్రమే సాహసించాలి.

## మీరు ఎవరైతే ఏది

ఫోసా ఒక్కటే లక్ష్యమైతే అక్టోబరు-నవంబరుల్లో కిరిండి, మూడు రాత్రులు. రెండో ఆలోచన వద్దు.

నిశాచర లెమర్ల రకాలు ఎక్కువ చూడాలంటే కిరిండి, దాని తర్వాత అంకారాఫాంట్సికా. ఈ రెంటిలో మౌస్ లెమర్లు, స్పోర్టివ్ లెమర్లు వేర్వేరు జాతులు కాబట్టి రెండూ చూడటంలో అర్థముంది. కానీ ఒకదాన్నుంచి మరొకదానికి నేరుగా పోయే సుఖమైన దారి లేదు, రాజధాని మీదుగా రావలసిందే. రెండు వారాలైనా లేకపోతే ఈ జంట పెట్టుకోకండి.

పిల్లలతో, పెద్దలతో వెళ్తే అంకారాఫాంట్సికా లేదా బెరెంటి. ఈ అడవులన్నిటిలోనూ నడకే నడక, జీపు సఫారీ ఉండదు. మనుషుల మీద పడే పెద్ద మృగాలు నేల మీద లేవు, ప్రాణాంతకమైన విషసర్పాల బెడదా లేదు. అసలు ప్రమాదాలు మలేరియా దోమ, ఎండదెబ్బ, మొసళ్ళున్న నీటి ఒడ్డు. మందుల సంగతి బయల్దేరకముందే వైద్యుణ్ణి అడగండి.

ఫొటోల కోసమైతే ఒక మాట. రాత్రి లెమర్ల కళ్ళు మన టార్చి వెలుగుకు నిప్పుకణాల్లా మెరుస్తాయి, అలాగే వాటిని కనిపెడతాం. టార్చిని కంటి ఎత్తులో, తలకు కట్టుకుంటేనే ఆ మెరుపు మనవైపు తిరిగి వస్తుంది. కనిపెట్టాక వెలుగును పక్కకు తిప్పండి లేదా ఎరుపు కాంతికి మార్చండి. ఎదురుగా ఫ్లాష్ కొట్టొద్దు. నలుగురి కంటే ఎక్కువమంది ఉన్న గుంపుతో రాత్రి నడక వద్దు. ఆఖరున నడిచేవాడికి కొమ్మలే మిగులుతాయి.

## పనులు ఏ వరుసలో

కిరిండి అనుకుంటే ముందు అక్కడి గదులు ఖాయం చేసుకోండి. అవి కొన్నే, నవంబరుకు ముందే నిండుతాయి. తర్వాత మొరొండావా విమానం, ఆ తర్వాత మట్టి రోడ్డుకు తట్టుకునే ఎత్తైన బండి. రాత్రి నడక రుసుము, గైడు రుసుము విడివిడిగా అరియారీల్లో (మడగాస్కర్ డబ్బు) నగదుగా ఇవ్వాలి, అడవిలో కార్డులు పనిచేయవు. చిల్లర నోట్లు మొరొండావాలోనే మార్చుకోండి. ఫ్రెంచి రాకపోతే ఇంగ్లీషు మాట్లాడే గైడు కావాలని ముందే రాయండి. దేశీయ విమానం ఆలస్యమైనా మీ తిరుగు ప్రయాణం చెడకుండా, అంతర్జాతీయ విమానానికి ముందు రెండు రోజులు అంటనానరివోలో ఖాళీగా పెట్టుకోండి.